యూనికార్న్ ఓవర్‌లార్డ్ అనే వీడియో గేమ్‌లో పోరు తనంతట తానే జరిగిపోతుంటే, ఆడేవారు చేసేదేమిటి?

చేయాల్సినదంతా పోరుకు ముందే ఉంటుంది. 2024 మార్చిలో వచ్చిన ఈ జపాన్ ఆటలో సేనాని గలేరియస్ తిరుగుబాటుతో కార్నియా రాజ్యం కూలిపోతుంది. రాణి ఇలీనియా తన కొడుకు అలైన్‌ను నమ్మిన వీరుడు జోసెఫ్ వెంట దూరంగా పంపేస్తుంది. 10 ఏళ్ల తర్వాత ఆ కుర్రవాడు రాజ్యం కోసం కత్తి పడతాడు.

సేనను చిన్న దళాలుగా విడగొట్టి, ఒక్కో దళంలో గరిష్ఠంగా ఐదుగురిని రెండు వరుసల్లో నిలపాలి. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ముందే షరతులు పెట్టాలి. అసలు రుచి ఇక్కడే ఉంది. గాయాలు మాన్పే పాత్రకు షరతు పెట్టకపోతే, చిన్న గీత పడినవాడి మీదే శక్తి ఖర్చయిపోతుంది. తీరా ముందువరుస యోధుడు కూలబోయే వేళకు ఏమీ మిగలదు. ప్రాణశక్తి సగానికి తగ్గినవారికే అని ఒక్క షరతు చేర్చి చూడండి, ఓడిపోయే పోరు గెలుపవుతుంది. గుర్రపు దళం మీదికి, రెక్కల జంతువు గ్రిఫిన్‌పై ఎగిరే రౌతులను, ఆ రౌతుల మీదికి విలుకాళ్లను పంపాలి.

విడిపించిన ఊళ్లకు సామగ్రి అందించి బాగుచేసి, ఒకరిని కాపలా ఉంచవచ్చు. రాజ్యం తిరిగి వస్తోందన్న భావన కోట గెలిచినప్పటికంటే నాకు ఈ ఊళ్లలోనే ఎక్కువగా కలిగింది.