సందేహాలు – సమాధానాలు: బెంచీని వదిలేయాలా, రాసివ్వాలా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్లస్ టూ ముగుస్తోంది. వీడ్కోలు సభలో సరదాగా ఒక వీలునామా చదవాలని తెలుగు పిల్లలం అనుకున్నాం. అమెరికా బడుల ఇయర్‌బుక్కుల్లో వెళ్లిపోయే తరగతి తన వస్తువులను, అలవాట్లను జూనియర్లకు, టీచర్లకు పంచుతూ రాసే ‘విల్’ చూసి ఇలా రాశాం: “నేను, మంచి మనసుతో ఉండి, నా చివరి బెంచీని లక్ష్మికి వదిలేస్తున్నాను. నా తదనంతరం నా నోట్సులు రాముకు. మా మాస్టారుకు నా నిద్రను వదిలేస్తున్నాను.” ఇంట్లో చదివితే ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మయితే వీలునామా మాట ఎత్తొద్దంది. దీన్ని తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: మీ అమ్మమ్మగారి మాట దగ్గరే మొదలుపెడదాం, ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. వీలునామా మనిషి పోయాక అమల్లోకి వచ్చే కాగితం. అందులోని ‘వీలు’కూ ‘వీలు చూసుకుని రండి’లోని వీలుకూ చుట్టరికం లేదు. ఇంగ్లీషు ‘విల్’ మన నోట్లో దీర్ఘం తీసుకుని, రాజీనామాలో, చిరునామాలో ఉన్న పారసీక ‘నామా’తో కలిసింది. దీనికే మరణశాసనం అని ఇంకో పేరుంది, అది ఇంకా బరువు. బడి దాటి వెళ్లే పిల్లల నోట ఈ మాటలు వింటే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది. గుమ్మం దాటేవాళ్లను ‘పోతాను’ అననివ్వకుండా ‘వెళ్లొస్తాను’ అనిపించే భాష మనది.

అయితే మీకు కావలసిన మాట పెళ్లింట్లో సిద్ధంగా ఉంది. ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపడం అంపకం, ఆస్తిని వాటాలు వేసి ఇవ్వడం పంపకం. మీరు చేస్తున్నవి ఈ రెండూనూ. కాగితం నెత్తిన ‘అంపకాల నాటి పంపకాలు’ అని పెట్టండి. పలకడానికి బాగుంటుంది, అమ్మమ్మగారికీ అభ్యంతరం ఉండదు. ‘అప్పగింతలు’ అని పెట్టాలనిపించవచ్చు కాని అక్కడ దిశ తిరగబడుతుంది. అప్పగింతల్లో ఉండేవాళ్లు వెళ్లే పిల్లను అప్పగిస్తారు, మీ సభలో వెళ్లేవాళ్లే ఉండేవాళ్లకు ఇస్తున్నారు. ‘పంపిణీ’ కూడా వద్దు. అది రేషను బియ్యానికి, పాఠ్యపుస్తకాలకు సరిపోయే మాట, అందులో వారసులు ఉండరు.

ఇక అసలు చిక్కు ‘వదిలేస్తున్నాను’తో వచ్చింది. మీ వాక్యం విని ఎవరూ నవ్వకపోవడానికి సగం కారణం ఈ క్రియే. తెలుగులో వదిలేసేది అక్కర్లేనిదాన్ని. తిండి సగంలో వదిలేస్తాం, ఆశ వదిలేస్తాం, బాకీ రాదని తేలితే వదిలేస్తాం. ‘బెంచీని లక్ష్మికి వదిలేస్తున్నాను’ అంటే ‘నాకు అక్కర్లేదు, కావాలంటే తనే ఏరుకుంటుంది’ అన్నట్టే చెవికి వినిపిస్తుంది. ఇంగ్లీషు విల్లులో ‘లీవ్’ అనే క్రియకు ఆస్తి ఇవ్వడమనే అర్థం ఉంది, మన ‘వదులు’కు లేదు.

తెలుగువాడు ఆస్తిని రాస్తాడు. ‘రెండెకరాలు చిన్నకొడుకు పేర రాశాడు’, ‘ఇల్లు కూతురికి రాసిచ్చాడు’ అంటాం. ఈ ఒక్క ‘రాయడం’లో కాగితం, సంతకం, సాక్షులు, రిజిస్ట్రారు ఆఫీసు అన్నీ ఉన్నాయి. ‘ఆఖరి బెంచీని లక్ష్మి పేర రాసిచ్చాను’ అనగానే వినేవాళ్ల కళ్ల ముందు దస్తావేజు కనిపిస్తుంది. దస్తావేజు అంత, బెంచీ ఇంత: నవ్వు ఆ ఎడంలోంచి వస్తుంది. కాలం కూడా గమనించండి, దస్తావేజుల్లో ‘ఇస్తున్నాను’ కన్నా ‘ఇచ్చాను’, ‘ఇచ్చితిని’ ఎక్కువ. రాయడంతోనే పని అయిపోయిందని వాటి ధోరణి.

దీని పక్కనే నిలబడే మాటలు కొన్ని. ‘దఖలుపరచాను’ అంటే స్వాధీనం చేశానని, బెంచీకి ఇది చక్కగా అతుకుతుంది. ‘దాఖలు చేశాను’ అంటే ఆఫీసులో కాగితం సమర్పించానని. ఒక్క దీర్ఘంతో పని మారిపోతుంది, బెంచీని దాఖలు చేయలేం. ‘ధారాదత్తం చేశాను’ అంటే నీళ్లు ధారపోసి ఇచ్చేశానని, కాని ఇప్పుడు ‘ఊరికే పోగొట్టుకున్నాడు’ అనే ఛాయ అంటుకుంది కనుక చూసి వాడాలి. ‘సంక్రమించు’ దానంతట అదే జరిగే పని. ‘నా నవ్వు చెల్లెలికి సంక్రమించింది’ సరే, ‘నా నవ్వును చెల్లెలికి సంక్రమిస్తున్నాను’ తప్పు.

‘మంచి మనసుతో ఉండి’ కూడా ఇంగ్లీషు విల్లు మొదటి పంక్తి నీడే. అక్కడి అర్థం మతి స్థిమితంగా ఉందని, తెలుగులో మంచి మనసంటే దయ గల మనసు. మన దస్తావేజుల్లో ‘స్వస్థబుద్ధితో’, ‘స్వస్థచిత్తంతో’ అని ఉంటుంది. మీకు అంతకన్నా పనికొచ్చేది ‘పూర్తి తెలివిలో ఉండి’. తెలివి అంటే స్పృహ, తెలివి అంటే చదువుల్లో చురుకు, రెండర్థాలూ మీ ఊళ్లో రోజూ వాడేవే. పరీక్షలు రాసి వచ్చిన పిల్ల ఆ మాట అంటే చెప్పకుండానే నవ్వు పుడుతుంది.

‘నా తదనంతరం’ దస్తావేజుల్లో పాతుకుపోయిన మాట. తత్ అంటే ‘అది’, తదనంతరం అంటే ‘దాని తరువాత’. అలాంటప్పుడు ముందు ‘నా’ పెట్టడం పొసగదు, ‘నా అనంతరం’ అంటే చాలు. ఆస్తి కాగితాల్లో అందరూ రాస్తున్నదాన్ని దిద్దమని నేను పట్టుబట్టను. మీ కాగితంలో మాత్రం రెండూ వద్దు, రెండింటి వెనకా చావే ఉంది. ‘టీసీ చేతికి వచ్చిన తేదీ నుంచి’ అనండి. కచ్చితమైన తేదీ ఉన్నచోట దస్తావేజు ధ్వని ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ ఒకచోట పెడితే మీ మొదటి వాక్యం ఇలా తయారవుతుంది:

“ప్లస్ టూ సైన్సు విభాగం, రోల్ నంబరు 27 గల నేను, పరీక్ష హాల్లో ఎలా ఉన్నా ఈ వేళ పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనస్ఫూర్తిగా రాసి ఇచ్చిన పంపకాల కాగితం ఏమనగా: నా స్వార్జితమై, రెండేళ్లుగా నా అనుభవంలో ఉన్న ఆఖరి బెంచీ ఎడమ కొసను, దాని మీద కంపాసు ముల్లుతో చెక్కిన నా పేరులోని మొదటి అక్షరంతో సహా, లక్ష్మి పేర రాసి ఇచ్చాను. సదరు కొసకు హద్దులు: తూర్పున వాన జల్లు కొట్టే కిటికీ, దక్షిణాన చీపురు మూల, పడమట కాలు విరిగిన కుర్చీ, ఉత్తరాన మాస్టారి చూపు. ఈ నాలుగు హద్దుల నడుమ గల స్థలాన్ని, టీసీ నా చేతికి వచ్చిన తేదీ నుంచి, ఆమె నిరాటంకంగా అనుభవించవచ్చు.”

హద్దులు చూడండి. మొదటి మూడూ నిజంగా తరగతిలో ఉన్న వస్తువులు, నాలుగోది మాత్రమే కొలతకు అందనిది. నాలుగూ చమత్కారాలే అయితే దస్తావేజు నమ్మకం పోయి, నవ్వు మొదటి హద్దు దగ్గరే ఖర్చయిపోతుంది. ‘సదరు’ ఒకసారే వాడాను, ప్రతి వాక్యంలో పెడితే విసుగు. ‘ఆఖరి బెంచీ’ అని ఊరుకోకుండా ‘ఎడమ కొస’, ‘మొదటి అక్షరం’ అన్నాను, ఎందుకంటే సరదా పంపకాల్లో ఎక్కువ చోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ‘నా జ్ఞాపకాలను తరగతికి ఇస్తున్నాను’, ‘నా అల్లరిని అందరికీ ఇస్తున్నాను’ అంటారు. చేత్తో పట్టుకోలేనిదాన్ని ఇస్తే వినేవాళ్లకు ఏమీ అందదు. అల్లరి ఇవ్వాలనుకుంటే ‘గుణుపురం రైలు ఆలస్యమైందని చెప్పే సాకు, ఇప్పటికి చాలాసార్లు వాడినది, ఇంకా పనిచేస్తున్నది’ అని ఇవ్వండి. మీ ఊరి కొమ్ము దువ్వెన ఉంటే, ఎన్ని పళ్లు విరిగాయో చెప్పి ఇవ్వండి.

ఇచ్చేది మీదై ఉండాలి. ఆస్తి కాగితాల్లోనూ ఇదే నియమం, ఇతరుల సొత్తు రాసిస్తే చెల్లదు. కాబట్టి మీ నిద్ర, మీ సాకులు, మీ విరిగిన దువ్వెన రాసివ్వండి. ఒకరి ఒళ్లూ రంగూ, ఒకరి మార్కులు, ఒకరి ప్రేమ కబురు మీవి కావు, వాటిని కాగితంలోకి తేవద్దు. ఈ గీత దాటకపోతే ఎవరి మనసూ నొచ్చుకోదు.

మాస్టారి వాక్యానికి వద్దాం. ‘మాస్టారుకు’ కాదు, ‘మాస్టారికి’. విభక్తి చేరేటప్పుడు చివరి ‘రు’ ‘రి’ అవుతుంది, ఇకారం తర్వాత ‘కి’ వస్తుంది. లక్ష్మికి, రాముకు కూడా ఆ లెక్కనే సరిగ్గా రాశారు. పెద్దవాళ్లకు రాసివ్వం, సమర్పించుకుంటాం. ఆ ‘కొను’ చేరితే వాక్యం చేతులు జోడిస్తుంది. అంతకన్నా గొప్ప మాట తెలుగులో ఇంకొకటుంది: అప్పజెప్పడం. తీసుకున్నది తిరిగి ఇవ్వడమూ అదే, నేర్చుకున్న పద్యం మాస్టారి ముందు చూడకుండా చెప్పడమూ అదే. బళ్లో చదివిన ప్రతి తెలుగువాడి చెవికీ ఈ రెండర్థాలూ ఒక్కసారే వినిపిస్తాయి. “మధ్యాహ్నం మొదటి పీరియడులో రెండేళ్లుగా వాయిదాల మీద తీసుకున్న నిద్రను, ఒక్క కునుకూ తగ్గకుండా, మాస్టారికి అప్పజెప్పుకుంటున్నాను. పద్యాలు అప్పజెప్పలేని లోటు దీనితో తీరినట్టు దయచేసి రాసుకోగోరుతాను.” ఇక్కడ తప్పు పిల్లది, గౌరవం మాస్టారిది. మీ వాక్యంలో నిద్ర ఆయన నెత్తిన పడేసినట్టుంది.

డస్టరు దాచడం, హాజరు పట్టీ తేవడం లాంటి పనులకైతే ‘అప్పగించాను’ బాగుంటుంది, అందులో జాగ్రత్తగా చూసుకోమనే మాట కలిసే ఉంది. ‘నోట్సులు’ అక్కర్లేదు, ‘నోట్సు’ చాలు.

ఒడియా బడిలో చదివేవాళ్లు కనుక ఇంకో రెండు. ఒడియాలో విల్లును ఇచ్ఛాపత్రమంటారు. తెలుగులోనూ అర్థమవుతుంది కాని మనకు కోర్టు కచేరీ మాటగా అలవాటు లేదు, దస్తావేజు ధ్వని పలకదు. మీ ఆహ్వానపత్రంలో ‘బిదాయ సంబర్ధన’ అని ఉంటుంది. దాన్ని ‘సంవర్ధన’ అని తెలుగులోకి దించకండి, మనకు సంవర్ధనమంటే పెంపు, పెరుగుదల. ‘వీడ్కోలు సభ’ అనండి, టీచర్లకు శాలువా కప్పే భాగాన్ని ‘సత్కారం’ అనండి. ఇంట్లో మాట్లాడే ‘ఏటి’ (ఏమిటి), ‘గుంట’ (పిల్ల) కాగితంలో రావచ్చా అని మీకు అనిపించి ఉంటే, తప్పకుండా రావచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మీది. దస్తావేజు వాక్యం గంభీరంగా నడిచి, చివర ‘మరేటి మిగల్లేదు’ అని ముగిస్తే ఆ పలుకుబడి మెరుస్తుంది.

అక్షరాల్లో జాగ్రత్త: మనస్పూర్తి కాదు, మనస్ఫూర్తి. యావధాస్తి కాదు, యావత్ + ఆస్తి కనుక యావదాస్తి. ఆడపిల్లయితే వారసురాలు.

కాగితం అడుగున ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం వీలునామాకు కనీసం ఇద్దరిని అడుగుతుంది, మీరూ ఆ లెక్క ఉంచుకుంటే అందం. సాక్షుల కింద, రాసిన చేయి ఎవరిదో ‘ఇది ఫలానావారి దస్తూరి’ అని ఉండాలి. మీరు చేస్తున్నది బతికుండగా ఇవ్వడం కనుక చట్టం లెక్కన ఇది దానం, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం పుచ్చుకునేవారు ఒప్పుకుంటేనే దానం చెల్లుతుంది. సభకు ముందురోజే ఆ వాక్యం లక్ష్మికి చూపించి, సరేనంటేనే చదవండి.