గుమ్మం దగ్గర ఆగిపోయిన అభ్యర్థి

అమ్మాయ్,

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలూ ప్రజాస్వామ్యం గొప్పదనమే. కొట్టెయ్యి. అసలు కథ మూడో పేజీలో ఉంది: 2000 అక్టోబరు, బోస్టన్. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌ని వేదిక మీదికి పిలవలేదు సరే, పక్క హాల్లో తెర మీద చూడ్డానికి చేతిలో టికెట్ ఉన్నా రానివ్వలేదు. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావేం? అక్కడే మొదలుపెట్టు.

అసలు వేదిక మీదికే ఎందుకు పిలవలేదని పాఠకుడు అడుగుతాడు. అప్పుడు చెప్పు, ఆ ఏడాది కొత్తగా పెట్టిన నియమం ప్రకారం ఐదు జాతీయ సర్వేల సగటులో 15 శాతం ఉంటేనే వేదిక మీదికి పిలుపని. ఆ గీత గీసింది అప్పట్లో ఈ చర్చలు నడిపిన కమిషన్. ఆ కమిషన్‌ని 1987లో పెట్టింది రెండు పెద్ద పార్టీల అధ్యక్షులే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు మనవాళ్ళు. ఇక్కడ వడ్డించేవాళ్ళే బంతిలో కూర్చున్నారు! నువ్వు 'వ్యవస్థాగత లోపం' అన్నావు, చదివితే నాకేమీ కనబడలేదు.

రెండు పెద్ద పార్టీలకీ బయట పోటీ చేసిన కోటీశ్వరుడు రాస్ పెరో అంకెల్ని తలో పేజీలో పారేశావు. పక్కపక్కన పెట్టు. 1992లో చర్చల ముందు సర్వేల్లో ఆయనకి పది శాతం లోపే. అయినా బుష్, క్లింటన్‌ల పక్కన నిలబెట్టారు. దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి. ఆ ఓట్ల లెక్కనే 1996లో ప్రభుత్వం ప్రచారానికి సుమారు 2.9 కోట్ల డాలర్లు ఇచ్చింది, కమిషన్ మాత్రం మైకు ఇవ్వలేదు. ఓట్లు 8 శాతానికి పడ్డాయి. చర్చకి పిలవకపోవడమే కారణమని మాత్రం రాయకు. 1992లో ఆయన సొంత డబ్బు కుమ్మరించాడు, 1996 నాటికి ఆ మోజూ తగ్గింది.

మిన్నెసోటా గవర్నర్ ఎన్నిక, 1998, కూడా చేర్చు. మాజీ కుస్తీ వీరుడు జెస్సీ వెంచురా సర్వేల్లో పది శాతం దగ్గరుండగా చర్చలకి పిలిచారు, 37 శాతంతో గెలిచాడు. ముందు సర్వేలో చూపించు, తర్వాతే చర్చ అనడం ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టు ఉంటుంది.

కమిషన్ పక్షం కూడా పూర్తిగా చెప్పు. నా తొలి వ్యాసాల్లో ఎదుటివాడి వాదన సగమే చెప్పేవాణ్ణి. ఒక పాఠకుడు మిగతా సగం పోస్టుకార్డు మీద రాసి పంపాడు. అధ్యక్ష పదవికి పేరు నమోదు చేసుకునేవాళ్ళు వందల్లో ఉంటారు, ఎక్కడో గీత తప్పదు. 1980లో పార్టీలతో సంబంధం లేని మహిళా ఓటర్ల లీగ్ కూడా 15 శాతమే అడిగింది. ఆ లెక్కన స్వతంత్ర అభ్యర్థి ఆండర్సన్‌ని పిలిస్తే అప్పటి అధ్యక్షుడు కార్టర్ రానన్నాడు. రిపబ్లికన్ అభ్యర్థి రీగన్, ఆండర్సన్ ఇద్దరే మాట్లాడుకున్నారు.

చివర్లో 'మరి ఎంత శాతం ఉండాలి?' అని పాఠకుడి మీదికి నెట్టేశావు. నీ అంకె నువ్వు చెప్పు. నేనైతే మొదటి చర్చకి 5 శాతం చాలంటాను, ఓట్లలో అంత తెచ్చుకున్న పార్టీకి తర్వాతి ఎన్నికలో నిధి ఇస్తున్నారు కాబట్టి. నువ్వు కాదంటే ఎందుకో రెండు పేరాల్లో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు