కబడ్డీ టీము కడుతున్న కొత్త పీఈటీకి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డీఎస్సీలో పోస్టు రావడం, అదీ జిల్లా పరిషత్ హైస్కూల్లో రావడం చాలా సంతోషం. గ్రౌండు విషయంలో మీ హెడ్మాస్టరు గారు అడ్డు చెప్పరని రాశావు. అంటే సగం పని అయినట్టే. "మొదటి వారం నలభై మంది వచ్చారు మాస్టారూ, ఇప్పుడు పదిహేను మంది కూడా రావట్లేదు. వీళ్ళలో మోటివేషన్ ఎలా తేవాలి?" అని అడిగావు కదా, దానికే ఈ ఉత్తరం.

మోటివేషన్ సంగతి కాసేపు పక్కన పెట్టు. మానేసినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి చూడు. ఎక్కువమంది ఆరు, ఏడు తరగతుల పిల్లలు, బక్కపలచటి వాళ్ళు, కూత సరిగ్గా రానివాళ్ళు అయి ఉంటారు. ఆటంటే ఇష్టం లేక మానేసినవాళ్ళు కారు వీళ్ళు. గంటసేపు గీత బయట నిలబడి పెద్దపిల్లల ఆట చూసి, చివర్లో రెండు నిమిషాలు లోపలికి వెళ్ళి అవుటై వచ్చేదానికి తెల్లారుజామున ఎవరు లేచి వస్తారు? ఫోనులో వీడియోలు చూపించినా, అసెంబ్లీలో ఉపన్యాసం ఇచ్చినా ఈ పిల్లలు వెనక్కి రారు. వాళ్ళకి ఆడే వంతు దొరికితే వస్తారు.

కాబట్టి మొదట ఒక్క కోర్టుని రెండు చెయ్యి. పక్కన సున్నంతో చిన్న కోర్టు గీయించు, కొలతలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. జట్లు వేసేటప్పుడు ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి ఒక్కొక్కర్నీ కోరుకోమనే పద్ధతి మానిపించు. అందరూ చూస్తుండగా రోజూ చివరికి మిగిలే పిల్ల నెల తిరక్కుండా మానేస్తుంది. చేతులతో పంటలు వేయించు, లేదా జట్లు నువ్వే చెప్పు.

నువ్వు ఆరింటికి అన్నావంటే ఆరుకి ఐదు నిమిషాల ముందే గ్రౌండులో ఉండాలి. నువ్వు ఒకరోజు ఆరున్నరకి వస్తే వాళ్ళు మర్నాడు ఏడింటికి వస్తారు. హాజరు పుస్తకం పిల్లల చేతికే ఇవ్వు, వారానికి ఒకరు రాస్తారు. రానివాళ్ళ ఇంటికి ఆ సాయంత్రం ఎవరో ఒకరు వెళ్ళి "ఏం రాలేదు?" అని అడిగి రావాలి, తిట్టడానికి కాదు. చెల్లెలికి జ్వరమో, నాట్లకి వెళ్ళారో, చెప్పులు తెగాయో, ఏదో ఒకటి తెలుస్తుంది.

ప్రాక్టీసు గంటంబావు చాలు. అందులో పది, పదిహేను నిమిషాలు వార్మప్ తప్పనిసరి. చలికాలం ఇంకో ఐదు నిమిషాలు కలుపు. తర్వాత ఫుట్‌వర్క్, తర్వాత ఆ రోజు నేర్పదలుచుకున్న ఒక్క విషయం, ఆఖరున ఆట. వారంలో గట్టిగా చేయించేది మూడు రోజులే, మిగతా రోజులు తేలిక, ఒక రోజు పూర్తి సెలవు. "మేడం బాగా కష్టపెడుతుంది" అని ఊళ్ళో పేరు రావాలని రెండు పూటలా దున్నించే పీఈటీలను చూశాను. పదమూడు, పధ్నాలుగేళ్ళప్పుడు ఎముకలు గబగబా పెరుగుతుంటాయి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి అంటే అది సాకు కాదు. ఆ పిల్లవాడికి గెంతులు తగ్గించు. ఈ వయసువాళ్ళకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి ఆరింటికి వచ్చేవాడికి నువ్వు ఏం నేర్పినా ఎక్కదు. అది తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడవలసిన విషయం.

ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళని కోర్టులోకి దించకు. ఒక అరటిపండో, గుప్పెడు వేరుశెనగలూ బెల్లమో చాలు. ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర ఎంతమంది మింగుతున్నారో, ఎంతమంది కిటికీలోంచి పారేస్తున్నారో కనిపెట్టు. నెలసరి రోజుల్లో ఆడాలో వద్దో వాళ్ళనే చెప్పనివ్వు. ఇది మగ మాస్టార్లకి చెప్పలేక ఎంతమంది ఆట మానేశారో లెక్కలేదు, నువ్వున్నావు గనక ఆ బెడద ఉండదు. సాయంత్రం ప్రాక్టీసయితే చీకటి పడకముందే ముగించు, ఒకే వీధి వాళ్ళని కలిపి పంపు.

శిక్షల గురించి. కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, అది నీకు చెప్పక్కర్లేదు. కానీ ఆలస్యమైతే పది రౌండ్లు, పాయింటు పోతే యాభై దండీలు అనే అలవాటు కూడా వద్దు. పరుగుని శిక్షగా వాడితే ఆ పిల్లలు జీవితాంతం పరుగుని శిక్షగానే చూస్తారు. ఆలస్యంగా వచ్చినవాడు ఆ రోజు కోర్టు తడపాలి, రాళ్ళు ఏరాలి. అందరికీ పనికొచ్చే పని అది. ఎలాగూ ఆ పని వంతులవారీగా అందరూ చెయ్యాలి, పదో తరగతి వాళ్ళతో సహా. చిన్నవాళ్ళ చేత నీళ్ళు మోయించుకునే సీనియర్లు ఉన్నచోట టీము అనేది ఉండదు.

ఇప్పుడు ఆట లోపలికి వద్దాం. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ ప్రతి పిల్లవాడికీ కూతకి వెళ్ళే రైడరే అవ్వాలి, తొడ కొట్టాలి. కొట్టనివ్వు, సరదా. కానీ 2018లో జకార్తా ఆసియా క్రీడల సంగతి వాళ్ళకి చెప్పు. 1990 నుంచీ వరసగా ఏడు బంగారు పతకాలు గెలిచిన మన మగవాళ్ళ జట్టు సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 27-18తో ఓడింది. మనకి పేరున్న రైడర్లు లేకనా? ఇరాన్ డిఫెన్సు కదలకుండా కలిసి నిలబడింది. అందుకే చైన్, అంటే ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకుని రైడరుని ఆపడం, ఎక్కువ ప్రాక్టీసు చేయించు. చెయ్యి పట్టుకున్న ఇద్దరిలో ఒకడు తొందరపడి ముందు దూకితే రెండోవాడికీ ముప్పే. ఎప్పుడు దూకాలో నోటితో చెప్పుకోకుండా చెయ్యి నొక్కి చెప్పుకోవడం నేర్పు. ఇది పట్టుబడటానికి నెలలు పడుతుంది, పట్టుబడ్డాక ఆ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోరు.

కబడ్డీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నిబంధన ఒకటుంది. అవతలివాడు ఒకడు అవుటైతే మనవాడొకడు, అవుటైన వరుసలోనే, లోపలికొస్తాడు. అంటే బయట కూర్చున్నవాడి ఆట అయిపోలేదు. వాడు తల దించుకుని మట్టి గీకుతూ కూర్చోకూడదు. అవతలి రైడరు ఏ కాలు ముందు వేస్తున్నాడు, ఎటు తిరుగుతున్నాడు, కూత ఎక్కడ బలహీనపడుతోంది, ఇవి చూసి పెట్టుకోవాలి. రిజర్వులో ఉన్న ఐదుగురికీ అదే పని. మ్యాచ్ అయ్యాక నువ్వు మాట్లాడకముందు వాళ్ళ చేత మాట్లాడించు. ముందు గొణుగుతారు, తర్వాత తర్వాత నీకు కనపడనివి వాళ్ళు చెబుతారు. కోర్టులో తప్పు చేసినవాణ్ణి ఆట జరుగుతుండగా ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండు. మంచి రైడరైనా సరే, అన్నాడంటే వెంటనే బయటికి పిలువు. కెప్టెన్సీ కూడా మంచి రైడరుకే ఇవ్వాలని లేదు. పిల్లలు కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళుతున్నారో చూసి వాళ్ళకివ్వు.

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకి వెళ్ళినప్పుడు ఒక చిక్కు వస్తుంది. మండలం దాకా మన బడి జట్టుగా ఆడతారు, ఆ పైన జిల్లా జట్టుకి ఒక్కొక్కరినీ ఎంపిక చేస్తారు. ఎంపికలో కనపడాలని పిల్లలు టీమాట వదిలేసి సొంతాట మొదలుపెడతారు. ముందే కూర్చోబెట్టి చెప్పు. ఎంపిక కానివాళ్ళు మర్నాడు ఎప్పటిలాగే ప్రాక్టీసుకి రావాలి, ఎంపికైనవాళ్ళు నేర్చుకొచ్చింది వీళ్ళకి చెప్పాలి. ఇంకో రెండు సంగతులు. బరువు పరిమితి కోసం పిల్లల్ని రెండు రోజులు పస్తు పెట్టి, నీళ్ళు తాగనివ్వకుండా తూకానికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. పెరిగే పిల్లల్ని అలా ఎండబెట్టకు, ఆ ఏడాది ఆడకపోతే పోనీ. పుట్టినతేదీ మార్చిన సర్టిఫికెట్టుతో పెద్దవాణ్ణి దింపుదామని ఎవరైనా సలహా ఇస్తే, అది ఎంత పెద్దమనిషయినా, వినకు. పట్టుబడకపోయినా పిల్లలందరికీ తెలిసిపోతుంది.

తలకి దెబ్బ తగిలి కాసేపు తికమకపడిన పిల్లని ఆ రోజు మళ్ళీ ఆడించకు, "బాగానే ఉన్నాను మేడం" అన్నా సరే. ఆసుపత్రికి తీసుకెళ్ళు.

పదో తరగతి వాళ్ళు దసరా అయ్యాక స్పెషల్ క్లాసుల పేరుతో మాయమవుతారు. పోట్లాడకు. వారానికి రెండు రోజులు అరగంట చాలని హెడ్మాస్టరు గారిని అడుగు, చిన్నవాళ్ళకి నేర్పే పని వాళ్ళకి అప్పగించు.

మన ప్రాంతం కాకపోయినా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి గురించి పిల్లలకి చెప్పు. బుద్ధి మాంద్యం ఉందని ఊళ్ళో గేలి చేసిన పిల్ల. ఆమె పరుగుని మొదట గమనించింది బడి పీఈటీయే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. మిగతావాళ్ళు పనికిరాదన్న పిల్లని నిలబడి చూసే తీరిక ఆ బడిలో ఒకరికి ఉంది. ఈ ఊసు నీకోసం కూడా.

జెర్సీల గురించి రాశావు. సర్పంచి గారు కొనిస్తానన్నారట, వీపు మీద తన పేరు వెయ్యాలట. వేసుకోనివ్వు, ఏం పోయింది! కాకపోతే జట్టులోని పన్నెండు మందికే కుట్టిస్తే కుదరదు, హాజరు పుస్తకంలో పేరున్న ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఒకటి చొప్పున కావాలని గట్టిగా చెప్పు.

మీ డ్రిల్లు మాస్టారు