చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ యంత్రం: ముందు ఆ చిన్న కెపాసిటర్ మార్చండి

నమస్కారమండి. మామిడి గుజ్జు డబ్బాలకు మూత బిగించే మీ పాత యంత్రంలో 24 వోల్టుల పవర్ సప్లై ఉదయం టిక్ టిక్‌మంటూ ఆగిపోతోందని, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే నడుస్తోందని రాశారు. ఆ వేడి సంగతే అసలు ఆధారం. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వెచ్చబడ్డాక పనిచేసే సప్లైలో ముందుగా అనుమానించవలసింది లోపలి ద్రవం ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌నే (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం).

బోర్డు మీద ఎనిమిది కాళ్ళ యూసీ3842 ఐసీ (సప్లైని నియంత్రించే చిప్) ఉందన్నారు కనుక, దాని ఏడవ కాలికి కలిసిన చిన్న కెపాసిటర్‌ను మార్చండి. ఆ ఐసీ సుమారు 16 వోల్టుల వద్ద మొదలై, 10 వోల్టులకు పడిపోగానే ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు అందేదాకా దాన్ని నిలబెట్టవలసిన కెపాసిటర్ ఎండిపోతే, మొదలై ఆగి, మళ్ళీ మొదలయ్యే ఆ టిక్ టిక్ వినిపిస్తుంది. తల ఉబ్బలేదు కదా అని దయచేసి దాన్ని వదిలేయవద్దు, ఇంత చిన్నవి ఉబ్బకుండానే ఎండిపోతాయి. అదే విలువలో, 105 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకునే రకం తీసుకోండి.

అయితే ప్లగ్ తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలిచి ఉండవచ్చు కాబట్టి, రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో కొలిచాకే చేయి పెట్టండి. మార్చాక పీఎల్‌సీకి (యంత్రాన్ని నడిపే కంట్రోలర్) వెళ్ళే వైర్లు విప్పి, సప్లైకి కరెంటు వచ్చే వైరులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒకసారి మెరిసి ఆరితే మంచిదే. వెలుగుతూనే ఉంటే మాస్‌ఫెట్ (సప్లైలో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయిందేమో చూడాలి.