బైకు లక్కీ డ్రాతో కబడ్డీ మ్యాట్ కొనవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పన్నెండు మందిమి కబడ్డీ జట్టు నడుపుతున్నాం. మ్యాట్ కొనడానికి వంద రూపాయల కూపన్లు కొట్టించాం. మొదటి బహుమతి బైకు. ఇప్పటికి నలభై అమ్మాం. డబ్బు మా క్యాషియర్ ఫోన్‌పేకి వస్తోంది. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు లక్ష పంపుతానన్నాడు. ఇదంతా కేసవుతుందని ఊళ్లో ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కూపన్ల విషయంలో నిజమే. ముందు ఆ అమ్మకం ఆపండి. డబ్బు తీసుకుని, చీటీ తీసి, వస్తువు ఇస్తే చట్టం దృష్టిలో అది లాటరీ. మన దేశంలో లాటరీ నడిపే హక్కు రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది, తెలంగాణలో అదీ లేదు. భారతీయ న్యాయ సంహిత 297 ప్రకారం డ్రా కోసం చోటు నడిపితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. బహుమతి ఇస్తామని ప్రచారం చేసినందుకే ఐదు వేల వరకు జరిమానా పడవచ్చు. మంచి పనికోసమే కదా అంటే మినహాయింపు లేదు. దసరాకి ‘వంద కొట్టు, మేకను పట్టు’ అని ఊరూరా పెడుతున్నారుగా అంటారేమో, పట్టుబడే దాకా అందరిదీ అదే ధైర్యం. నలభై మందికీ వంద వంద తిరిగిచ్చేసి నోట్‌బుక్‌లో సంతకాలు తీసుకోండి.

క్యాషియర్ సొంత ఖాతా కూడా వద్దు. ఆయన నిజాయితీపరుడే అయినా, రేపు లెక్క తేడా వస్తే నమ్మకద్రోహం కేసు ఆయన మెడకే చుట్టుకుంటుంది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, క్రీడల కోసం సంఘం పెట్టుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించి, సంఘం పేరిట పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తీసుకోండి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే పెట్టండి. రిజిస్ట్రేషన్ అయింది కదా అని దాతలకు పన్ను రాయితీ వస్తుందని మాత్రం చెప్పకండి. దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల అనుమతి వేరే కావాలి.

ఇక అమెరికా లక్ష. మీ తమ్ముడో అన్నో, ఆయన దగ్గర ఏ దేశం పాస్‌పోర్టు ఉందో అడగండి. ఇండియాదే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. పాస్‌పోర్టు జిరాక్స్ ఒకటి ఫైల్లో ఉంచండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. కేంద్ర హోం శాఖ నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కి మూడేళ్లుగా పనిచేస్తున్న సంఘమై, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీకిప్పట్లో కుదరదు. ‘బాబాయికి పంపిస్తాడు, బాబాయి మాకిస్తాడు’ అనే ఉపాయం నా దగ్గరికి తరచూ వస్తుంది. ఎన్ని చేతులు మారినా అది విదేశీ సొమ్మేనని చట్టంలోనే రాసి ఉంది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

మ్యాట్‌కి వేరే దారి ఉంది. ఊళ్లో ఎరువుల షాపు, మిల్లు, టెంట్ హౌస్ వాళ్లను అడిగి, వాళ్ల పేరు జెర్సీల మీద వేయించండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ నంబరున్న రసీదు ఇవ్వండి.