డప్పు కుదరదు, పూనకమూ కుదరదు

ప్రశ్న: నైజీరియా రచయిత వోలే షొయింకా రాసిన 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' నాటకాన్ని తెలుగు చేసి రవీంద్రభారతిలో వేయబోతున్నాం. మాట్లాడే డోలు బదులు డప్పు వాడొచ్చా? చనిపోయిన రాజు వెంట తానూ ప్రాణం వదలాల్సిన ఎలెసిన్ సమాధి స్థితిని బోనాల్లో శివసత్తుల పూనకంలా చూపిస్తే మనవాళ్లకి దగ్గరవుతుందా?
- ఒక నాటక బృందం, చిక్కడపల్లి

జవాబు: డప్పు వద్దండీ. ఈ నాటకంలోని జనం మాట్లాడే యొరుబా భాషలో హెచ్చు, మధ్యమం, తగ్గు అని మూడు స్వరస్థాయిలున్నాయి. స్థాయి మారితే మాట అర్థమే మారిపోతుంది. దుందున్ అనే ఈ మాట్లాడే డోలు నడుము సన్నం. చంకలో పెట్టి తోలు తాళ్లు నొక్కితే చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. వంపు కర్రతో కొడుతూ అలా వాక్యాలే పలికిస్తారు. డప్పుకి ఆ జారుడు రాదు. కేరళ ఇడక్కకి వస్తుంది. అయితే తెలుగులో స్వరస్థాయితో అర్థం మారదు కాబట్టి డోలు పలికిన వెంటనే ఆ మాటని నాటకంలోని స్తుతి గాయకుడి పాత్ర చేత చెప్పించండి. లేకపోతే అది వట్టి నేపథ్య సంగీతమే అవుతుంది.

పూనకం అసలే వద్దు. మూడో రంగంలో ఎలెసిన్ ఒంటిమీదికి ఎవరూ రారు, అతనే వెళ్లిపోతున్నాడు. ఊగడం, జుట్టు విరబోయడం పెడితే అర్థం తలకిందులవుతుంది. అడుగు నిదానంగా, రాజసంగా పడాలి. ప్రతి కదలికా ఇదే ఆఖరన్నట్టుండాలి.

రెండో రంగంలో తెల్లదొర దంపతులు వేసుకునే ఎగున్‌గున్ దుస్తులు పితృదేవతలవి. పోలీసు సార్జెంట్ అమూసా ముస్లిం అయినా వాటిని చూసి వణికిపోతాడు. అక్కడ నవ్వు తెప్పించారో, నాటకం పోయినట్టే. ఇంకోటి, విరామం వద్దన్నది షొయింకా స్వయంగా పెట్టిన షరతు.