జర్మనీ చదువుకు పొలం అమ్మాలా?

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయనకు చిన్న కిరాణా కొట్టు ఉంది. మేం బీసీలం, ఏడాది ఆదాయం 3 లక్షలు దాటదు. పాప బీటెక్ మెకానికల్ 72 శాతంతో పాసైంది. జర్మనీలో ఎమ్మెస్ చేస్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తామన్నారు. అన్నీ కలిపి 25 లక్షలట. ఉన్న ఎకరం అమ్మేయమంటున్నారు మా బావగారు. బాబు ఇంకా ఇంటర్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, పొలం అమ్మకండి. ఆ ప్రైవేటు సీటుకు అడ్వాన్సు కూడా కట్టకండి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. సెమిస్టరుకు 100 నుంచి 350 యూరోల దాకా కడితే చాలు, చాలాచోట్ల బస్సు పాసు కూడా అందులోనే వస్తుంది. అయితే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న రాష్ట్రంలో మన పిల్లల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. పాపను మాగ్డెబర్గ్ లాంటి ఊళ్లు చూడమనండి, మ్యూనిక్‌తో పోలిస్తే గది అద్దె చాలా తక్కువ. కన్సల్టెన్సీలు ప్రైవేటు వైపు లాగేది కమీషన్ కోసం. బ్యాంకులో విద్యారుణాల ఫైళ్లు చూసినన్నాళ్లూ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఫీజు లేకుండా చదువుకోగల దేశానికి వెళ్లడానికి ఫీజు కోసం అప్పు చేసేవాళ్లు!

మీరు సమకూర్చుకోవాల్సింది బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము. వీసా కోసం ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు అందులో వేసి చూపించాలి. యూరో 100 రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున పాపకే తిరిగి వస్తుంది.

తెలంగాణ ప్రభుత్వానికి మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 20 లక్షల దాకా ఇస్తారు, జర్మనీకి కూడా వర్తిస్తుంది. తప్పకుండా దరఖాస్తు చేయించండి. కానీ ఎంపికైనా డబ్బు వచ్చేది పాప అక్కడ దిగాకే. వీసా నాటికి ఆ సొమ్ము చేతిలో ఉండదు. ఈ సంగతి తెలియక చివరి నెలలో వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు.

అందుకే ముందు ప్రభుత్వ బ్యాంకులో లోన్ సంగతి చూడండి. సాధారణంగా 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. అంతకు మించితే అడుగుతారు. పొలం కాగితాలు పనికిరావని చాలా బ్యాంకులు తిప్పి పంపుతాయి. ఇల్లు మీ పేరున ఉంటే దాని కాగితాలు తీసుకెళ్లండి.

పార్ట్‌టైమ్ సంపాదనను మాత్రం లెక్కలో వేసుకోకండి. ఏడాదికి 140 రోజులు పని చేయనిస్తారు గానీ, జర్మన్ రాకపోతే మొదట్లో పని దొరకడం కష్టం. పాపను ఇప్పటినుంచే భాష నేర్చుకోమనండి.

అన్నిటికన్నా ముందు ఏపీఎస్ సర్టిఫికెట్‌కు, అంటే పాప చదువు కాగితాలు అసలైనవేనని జర్మన్ ఎంబసీ విభాగం పరిశీలించి ఇచ్చే పత్రానికి, దరఖాస్తు చేయించండి. ఫీజు 18,000 రూపాయలు. అది లేనిదే వీసా దరఖాస్తు ముందుకు కదలదు.